లేహ్‌లో 62.5 కేవీఏ డీజీ సెట్ (డీజిల్ జనరేటర్): నాలుగు చలికాలాలు నడిపినాక నా రివ్యూ

మాది అనంతపురం వైపు. మా దగ్గర జనరేటర్ అంటే ఎండకి వేడెక్కి ట్రిప్ కాకుండా కాపాడుకోవడమే పని. అలాంటోణ్ణి తెచ్చి లేహ్‌లో సైట్ క్యాంప్‌లో పడేశారు, 3,500 మీటర్ల ఎత్తు, జనవరిలో తెల్లారుజామున మైనస్ 20. నా చేతికిచ్చింది 62.5 కేవీఏ టర్బో సెట్. ఏ కంపెనీదో రాయట్లేదు, ఎందుకంటే ఇంత చలిలో కంపెనీ పేరు కంటే మనం దానికి ఏం తగిలించాం, ఎట్లా నడిపాం అన్నదే తేడా కొడుతుంది.

ఇంజన్ అయితే గట్టిదే. 2019లో శ్రీనగర్ లైన్ వచ్చాక లేహ్‌కి కరెంటు బాగానే ఉంటోంది, కానీ మా క్యాంప్‌కి పోయిందంటే మాత్రం రాత్రంతా డీజీ మీదే. ప్లేట్ మీద 62.5 అంటే 50 కిలోవాట్లు, ఈ ఎత్తులో గాలి మూడో వంతు పలచన కాబట్టి నేను 35 దాటనివ్వను, దాటితే నల్ల పొగ. అలాగని మెస్‌లో నాలుగు లైట్లకి రాత్రంతా తిప్పినా తప్పే. చల్లటి ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా కాలక సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లటి జిగురు కారుద్ది, నేను మొదట్లో ఇంజన్ ఆయిల్ లీకనుకుని రెండు రోజులు వెతికా. ఇప్పుడు కనీసం 15 కిలోవాట్లన్నా ఉండేటట్టు గీజర్లు ఆన్ చేయిస్తా.

మొదటి చలికాలం డీజిల్‌తో దెబ్బతిన్నా. ఎండాకాలంలో కింద నుంచి తెచ్చిన బ్యారెళ్ళు మిగిలాయి, అదే పోశాం. డిసెంబర్‌లో ఒక పొద్దున సెల్ఫ్ కొడితే అందుకుంది, అర నిమిషం తిరిగి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పి చూస్తే లోపలంతా తెల్లగా, మన దగ్గర చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు మైనం. మా హెల్పర్, శ్రీకాకుళం అబ్బాయి, ఇనప గమేళాలో నిప్పులు పట్టుకొచ్చాడు. "అన్నా, ట్యాంకు కింద పెడితే ఐదు నిమిషాల్లో కరిగిపోద్దన్నా, లారీ వాళ్ళు అలాగే చేస్తన్నారు" అని. ఒరేయ్ తీసెయ్ రా ముందు అని అరిచా. ట్యాంకు కింద రాత్రి కారిన డీజిల్ మరక అట్లాగే ఉంది, పైన గుడ్డలు వేలాడుతున్నాయి! ఆ రోజు గోనె గుడ్డలు చుట్టి వేడి నీళ్ళు పోసుకుంటూ, కొత్త ఫిల్టర్ వేసి, హ్యాండ్ పంపుతో ఎయిర్ తీసి స్టార్ట్ చేసేసరికి మధ్యాహ్నమైంది. ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2019 నవంబర్‌లో లడఖ్ కోసమని వింటర్ డీజిల్ తెచ్చారు, మైనస్ 33 దాకా పనికొస్తది, ఆ తర్వాత నుంచి అక్టోబర్‌లోనే పాతది ఖాళీ చేసి ఇది నింపుతున్నా, ఫిల్టర్ సమస్య మళ్ళీ రాలేదు. కిరోసిన్ కలపమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, ఫ్యూయల్ పంపుకి డీజిలే లూబ్రికేషన్, పంపు అరిగితే వాళ్ళొచ్చి కట్టరు. ట్యాంకు మాత్రం రాత్రికి ఫుల్‌గా ఉంచండి, ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పట్టి పొద్దునకి డీజిల్ నుంచి నీళ్ళు వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో ఐసు.

బ్యాటరీ ఒకటి పోగొట్టుకున్నా. ఫుల్ ఛార్జ్‌లో ఉన్నది ఇక్కడి చలికి గడ్డకట్టదు, ఛార్జ్ దిగిపోయింది మాత్రం మైనస్ 10 దగ్గరే కట్టేస్తది. పక్కలు ఉబ్బి ఉంటే ఛార్జర్ గానీ జంపర్ గానీ పెట్టొద్దు, పగిలి యాసిడ్ మొహాన పడుద్ది. సెట్‌తో పాటు వచ్చిన బ్యాటరీ డబ్బా ఉత్త రేకు, నేను థర్మాకోల్ వేసి చిన్న ఛార్జర్ ఎప్పుడూ పెట్టి ఉంచుతా.

డబ్బులు పెట్టిన వాటన్నిట్లో బెస్ట్ కూలెంట్ హీటర్. 1,500 వాట్లది, ఇంజన్‌ని ఎప్పుడూ గోరువెచ్చగా ఉంచుద్ది, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. దానికి తోడు 15డబ్ల్యూ-40 ఆయిల్ తీసేసి చలికి పలచగా ఉండే 5డబ్ల్యూ-40 వేశా, పాతది పొద్దున పూట ముదురు పాకమే. కూలెంట్ సగం, నీళ్ళు సగం, అంతే. నీళ్ళు లేకుండా ఉత్త కూలెంట్ పోస్తే ఇంకా మంచిదనుకుంటారు, అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

రెండో చలికాలం జరిగింది ఇప్పటికీ గుర్తొస్తే భయమేస్తది. మంచు పడుతోందని ఎవరో చిన్న పోర్టబుల్ జనరేటర్‌ని కంటైనర్ గది వరండాలోకి జరిపి చుట్టూ టార్పాలిన్ కట్టారు. లోపల పడుకున్న ఇద్దరికి తలనొప్పి, వాంతులు. కొత్తగా వచ్చినోళ్ళు కదా, ఎత్తు పడలేదులే అనుకున్నాం. రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సిమీటర్ వేలికి పెడితే 90, ఇక్కడ అది మామూలే. తర్వాత ఆసుపత్రిలో చెప్పారు, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆ మిషన్ ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుందంట. ఆ గ్యాస్‌కి వాసన లేదు, రంగు లేదు. అదృష్టం బాగుండి వాళ్ళలో ఒకడు ఉచ్చకని బయటికొచ్చి తలుపు తెరిచి వదిలేశాడు, కాసేపటికి లోపలోడు కూడా లేచి కూర్చున్నాడు. ఆ వారమే ప్రతి గదికీ సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం పెట్టించా, డీజీ పొగ గొట్టం మంచుకి పూడిపోకుండా రోజూ పారతో తీస్తా. అసలు జనరేటర్ అనేది గదికి దూరంగానే ఉండాలి, మంచైనా వానైనా.

మూడో ఏడాది ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపులో ఆవిరి గడ్డకట్టి ఇంజన్ లోపల ప్రెజర్ పెరిగి ఆయిల్ సీల్ బయటికి తన్నింది, ఆ పైపుకి ఇప్పుడు తాడులాంటి హీటర్ చుట్టా. ఎర్తింగ్ ఇంకో తలనొప్పి. మా ఊళ్ళో ఎర్త్ పిట్‌లో ఉప్పేసి బకెట్ నీళ్ళు పోస్తే పనైపోద్ది, ఇక్కడ నీళ్ళు పోస్తే గడ్డే, గడ్డకట్టిన మట్టి కరెంటుని సరిగా దింపుకోదు. రాడ్లు లోతుగా దించాక ఎర్త్ రీడింగ్ దారికొచ్చింది.

గ్లవ్స్ తీసి డీజిల్ పోయొద్దు. మైనస్ 20లో కూడా ఈ వింటర్ డీజిల్ నీళ్ళలాగే ఉంటుంది, చేతి మీద పడితే చర్మం చచ్చిపోద్ది, నా ఎడమ బొటనవేలికి ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

రేటింగ్ అంటే ఇంజన్‌కి ఐదుకి నాలుగు, బ్యాటరీ డబ్బాకి సున్నా. హీటర్‌కి ఐదు. హెల్పర్‌కి కూడా ఐదు ఇస్తా, మొన్న కొత్తగా వచ్చిన వంటాయన గదిలోకి పోర్టబుల్ తోస్తుంటే వాడే అడ్డం నిలబడ్డాడు.