వేలికి తొడిగే జపం కౌంటర్ – కొనొచ్చా?

అమ్మ లక్ష జపం మొదలుపెట్టింది, లెక్క రాసుకోవడం కష్టంగా ఉందంటే ఆన్‌లైన్లో ఉంగరంలా వేలికి తొడుక్కునే డిజిటల్ కౌంటర్ తెప్పించా. రేటు తక్కువే, బరువు లేదు, బస్సులో అయినా వాకింగ్‌లో అయినా బొటనవేలితో నొక్కుకుంటూ పోవచ్చు. లైటు వెలిగే మోడలే తీసుకోండి, తెల్లవారుజామున చీకట్లో కూడా నంబర్ కనిపిస్తుంది.

ఇక తలనొప్పులు. రీసెట్ బటన్ పక్కనే పెట్టాడు మహానుభావుడు, కాస్త గట్టిగా వేలు తగిలిందా మొత్తం సున్నా. పైగా ఐదంకెలే, అంటే 99,999 తర్వాత మళ్ళీ మొదటికే, లక్ష జపానికని కొంటే లక్ష అనే అంకె మాత్రం చూడలేం 😄. నొక్కినప్పుడల్లా టిక్కు టిక్కుమని సౌండ్ ఒకటి. పైకి వినిపించే వాచికం కంటే పెదాలు కదిలే ఉపాంశువు మేలు, దానికన్నా మనసులో చేసే మానసం ఇంకా మేలు అని మనుస్మృతిలోనే ఉంది, ఇక్కడేమో నోరు మూసుకున్నా వేలు వాచికం చేస్తుంది. మాల తిప్పేటప్పుడు చూపుడువేలు తగలకూడదంటారు కదా, ఇది సరిగ్గా ఆ వేలికే ఎక్కుతుంది.

అసలు నాకు నచ్చనిది వేరే ఉంది. నంబర్ కనపడుతుంటే ఎంతైందా అని చూపు ఊరికే అటే పోతుంది, నోట్లో నామం, కన్ను అంకె మీద, కొంగజపానికి దీనికి పెద్ద తేడా ఏముంది చెప్పండి? మాలతో ఆ గోల లేదు, 108 పూసలు అవగానే మేరుపూస వేలికి తగులుతుంది, దాన్ని దాటకుండా వెనక్కి తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టడమే.

అందుకే ఇప్పుడు అమ్మ కుడిచేత్తో మాల తిప్పుతుంది, మాల అయ్యాక ఎడమచేతి కౌంటర్ ఒక్కసారి నొక్కుతుంది. 108 చేస్తే వంద కిందే లెక్క, మిగతా ఎనిమిది తప్పులకి పోతాయంటారు పెద్దవాళ్ళు, ఆ లెక్కన వెయ్యి నొక్కులకి లక్ష అయిపోతుంది, ఐదంకెల గొడవే రాదు (కోటి చేద్దామనుకుంటే మాత్రం మళ్ళీ అదే కథ). ఇస్కాన్ వాళ్ళలా రోజుకి 16 మాలలు చేసేవాళ్ళకి ఇలా అయితే బాగా పనికొస్తుంది. రామకోటి రాసేవాళ్ళు డబ్బులు దండగ చేసుకోకండి, పుస్తకంలో గళ్ళే లెక్క చెప్తాయి.

5కి 3 ఇస్తా. ఆ రీసెట్ బటన్ ఇంకో వైపు పెట్టుంటే 4.