వాల్పారైలో మా క్రిస్మస్: అడవి అని చెప్పి తేయాకు తోట చూపించారు

మా అమ్మకి క్రిస్మస్ అంటే ఇంట్లో కూర్చుని నిప్పట్లు, కజ్జికాయలు చేసి వీధంతా పంచడం. ఈసారి నేనే పట్టుబట్టి ఆమెను చిత్తూరు దాటించాను. కారణం మా బాబు. ఏడేళ్ల వాడు, బడి పుస్తకంలో వానల అడవి బొమ్మ చూసినప్పటి నుంచి "అట్లాంటిది మనకి లేదా అమ్మా?" అని ఒకటే పోరు. తలకోన వాడు రెండుసార్లు చూశాడు. ఎంత బాగున్నా మన శేషాచలం కొండల్లో చాలాభాగం ఎండాకాలానికి ఆకు రాల్చేస్తుంది. ఏడాది పొడవునా పచ్చగా, తడిగా ఉండే అడవి మనకి దగ్గర్లో కావాలంటే పడమటి కనుమలకి పోవాల్సిందే. అందుకే తమిళనాడు కొండల్లోని వాల్పారై.

24న తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి వేలూరు, సేలం మీదుగా ఒంటిగంటకి పొళ్లాచ్చి చేరాం. రోడ్డు బ్రహ్మాండం. రానూపోనూ డీజిల్, టోల్ కలిపి 7,600 అయింది. ఆళియార్ చెక్‌పోస్టులో ప్లాస్టిక్ పోనివ్వరు. అమ్మ కట్టిన నిప్పట్ల కవర్లన్నీ విప్పించి న్యూస్‌పేపర్లో చుట్టించారు. అడవి కోసం పెట్టిన రూలు, తప్పు మాదే. కానీ సాయంత్రానికి ఆ చెమ్మకి నిప్పట్లు మెత్తబడి చపాతీల్లా వంగాయి. అమ్మ మొహం చూడలేకపోయాను. అక్కడి నుంచి 40 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపుకీ నంబరు బోర్డు ఉంటుంది, బాబు గట్టిగా చదువుతూ పోయాడు.

ఇక మేం బుక్ చేసుకున్న స్టే సంగతి. 'రెయిన్ ఫారెస్ట్ మధ్యలో' అని రాసి, కిటికీ నిండా మహావృక్షాలున్న ఫోటో పెట్టారు. రూముకి రాత్రికి 5,500, రెండు రూములు, మూడు రాత్రులు, మొత్తం 33,000 ముందే కట్టించుకున్నారు. తీరా పోయి కిటికీ తెరిస్తే కొండ చివరిదాకా కత్తిరించిన తేయాకు పొదలు, మధ్యమధ్య నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లు. "ఇది చూసేదానికా పాపా మనం ఇంత దూరం వచ్చింది?" అంది అమ్మ. పచ్చగా ఉంటే చాలు, ఊరోళ్లకి అడవికీ తోటకీ తేడా తెలియదనుకున్నారు. అసలు అక్కడి అడవిని నూరేళ్లకి ముందే ఇంగ్లీషువాళ్లు కొట్టించి ఈ తోటలు వేశారు. ఇప్పుడు ఎస్టేట్ల మధ్య ముక్కలు ముక్కలుగా మిగిలిందే పాత అడవి. ఏ అడవిని కొట్టి వేశారో ఆ అడవి పేరుతోనే తోటలో రూములు అమ్ముతున్నారు!

వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, మనిషికి ఒక బకెట్. ఆ రాత్రి 'క్రిస్మస్ డిన్నర్' అని పిలిస్తే గదితో పాటేనేమో అనుకుని పోయాం. చల్లారిన ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా, వేలెడు కేకు ముక్క. మరునాడు ఏడు గంటల ఆరాధనకి చర్చికి పోతుంటే మేనేజరు గేటు దగ్గర ఆపి బిల్లు చేతిలో పెట్టాడు. మనిషికి 1,800, బాబుకి సగం, మా ఆరుగురికీ మొత్తం 9,900. ఇది తప్పనిసరి అని బుకింగ్‌లో ఎక్కడుందని మా ఆయన అడిగితే జవాబు లేదు, గేటు మాత్రం తియ్యడు. పండగ పూట, ఆరాధన వేళకి! "గొడవొద్దు, కట్టేయ్ అల్లుడా" అన్నాడు నాయన. కట్టేశాం. ఆ పొద్దున నాకొచ్చిన ఏడుపు ఇప్పటికీ గొంతులోనే ఉంది.

చర్చిలో ఆరాధన తమిళంలో. మూడో పాట ఎత్తుకోగానే అమ్మ తల ఎత్తింది. రాగం మన చర్చిలో పాడేదే. ఆమె తెలుగులో అందుకుంది. పక్కన కూర్చున్న ముసలావిడ అమ్మవైపు జరిగి, తన పుస్తకం పక్కన పెట్టేసి, అమ్మ చెయ్యి పట్టుకుని తమిళంలో పాడింది. బయల్దేరినప్పటి నుంచి అమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

అటునుంచి అటే ఊళ్లోకి మారిపోయాం. బస్టాండు దగ్గర చిన్న లాడ్జి, రూము 1,400. దుప్పట్లు శుభ్రం, అడిగినప్పుడల్లా వేడినీళ్లు. మిగిలిన రెండు రాత్రుల్లో ఒకదాని డబ్బు, 11,000, తిరిగిస్తానన్న స్టేవాళ్లు ఇంతవరకూ ఇవ్వలేదు. లాడ్జి కింద మెస్‌లో భోజనం 90. కొబ్బరి నూరి పోసిన కోడి పులుసు, మిరియాల రసం. రసం నాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. మాకు పండగని తెలిసి వండే ఆమె ఆరు గ్లాసుల పాయసం తెచ్చిపెట్టింది, దానికి డబ్బు తీసుకోలేదు.

26 పొద్దున 2,000కి జీపు మాట్లాడుకుని పుదుత్తోటం ఎస్టేటుకి పోయాం. తోట దాటి చెట్ల కిందికి రోడ్డు దిగగానే వెలుతురు తగ్గింది, చేతుల మీద చలి తెలిసింది. పైన ఆకు మీద ఆకు, ఆకాశం చిల్లులు చిల్లులుగా కనబడుతోంది. రోడ్డుకి అడ్డంగా ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి ఫైరింజన్ గొట్టాలతో అల్లిన వంతెన కట్టారు. అక్కడి సింహపుతోక కోతులు కార్ల కింద పడి చావకుండా. లోకంలో ఈ పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేని జాతి. ముప్పావు గంట తర్వాత వచ్చాయి. ఒళ్లంతా నల్లగా, మొహం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర కుచ్చు. ఒక తల్లి కోతి వంతెన మధ్యలో ఆగింది. పొట్టకి కరుచుకున్న పిల్ల జారితే మోచేత్తో పైకి ఎగదోసుకుని, కింద మావైపు ఒకసారి చూసి, నెమ్మదిగా దాటింది. బాబు నా కొంగు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పోయేవాళ్లకి ఒక్క మాట. బుక్ చేసేముందు ఫోన్ చేసి, కిటికీలోంచి కనబడేది తోటా అడవా, పండగ రోజు అదనంగా ఏమైనా కట్టాలా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి. కోతులకి తిండి మాత్రం పెట్టకండి, దానికి అలవాటుపడే అవి రోడ్డు మీదికి దిగుతాయి. వచ్చే డిసెంబరుకి లాడ్జి ఆయన చేతిలో 500 అడ్వాన్సు పెట్టి వచ్చాం. పెట్టమన్నది అమ్మే.