వంటింటి థర్మామీటర్: ఆరు నెలలు వాడినంక చెప్తున్న

పోయిన ఎండకాలం మా ఆడబిడ్డ కొడుకు పుట్టెంటికలు తీసినప్పుడు హన్మకొండల మా ఇంట్లనే దావత్ జేసినం. బగారన్నం, మటన్, కోడికూర. మిగిలిందంతా గంజులల్లనే మూతపెట్టి పొద్దుగూకేదాంక వంటింట్ల ఉంచి, రాత్రి తొమ్మిదింటికి వేడి జేసుకొని తిన్నం. ఒంటిగంటకల్లా నలుగురికి వాంతులు మొదలైనయ్. మా మామయ్య షుగర్ మనిషి, సెలైన్ ఎక్కియ్యాల్సి వచ్చింది, ఆ రెండు రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. డాక్టర్ అడిగిన మొదటి మాట ఏందంటే, అన్నం వండినంక ఎన్ని గంటలు బయట ఉన్నది అని.

ఆ తర్వాత కొన్నదే ఇది. ఆన్‌లైన్‌ల 400 లోపు వచ్చింది. పెన్ను లెక్క ఉంటది, ముందర సన్నటి స్టీల్ పుల్ల, పైన నంబర్ చూపించే చిన్న డిస్‌ప్లే. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, అది 42 డిగ్రీల సెల్సియస్ దాటి చూపియ్యదు (నేను చెప్పే నంబర్లన్నీ సెల్సియస్‌లనే). తుపాకీ లెక్క ఉండేది కూడా కొనకుండ్రి, అది పైపైన వేడి చూపిస్తది గని ముక్క లోపలి సంగతి దానికి తెల్వదు.

రాంగనే సరిగ్గ చూపిస్తుందా లేదా చూసుకోండ్రి. గ్లాసు నిండ ఐసు ముక్కలేసి కొన్ని నీళ్లు పోసి బాగ కలిపి పుల్ల పెడితే సున్నా రావాలె, నాది 0.6 చూపెట్టింది, పర్వాలేదు. మసిలే నీళ్లల్ల 99 వచ్చింది, మన దిక్కు సముద్రం కంటే కొంచెం ఎత్తుమీద ఉంటం కాబట్టి అది కరెక్టే.

చికెన్ లోపల 74 డిగ్రీలు దాటాలె, అది కూడా ముక్క మందంగ ఉన్న కాడ, బొక్కకు తాకకుండ పెట్టి చూడాలె. నిజం చెప్పాల్నంటే మనం వండే కూరలకు ఈ బాధ తక్కువ, ఎన్నిసార్లు చూసినా 90 పైనే ఉంటది. దొరికిపోయింది ఫ్రై ముక్కలు. పైన ఎర్రగ వేగి కమ్మగ వాసన వస్తున్న లెగ్ పీస్‌ల పుల్ల గుచ్చితే 61! మళ్ళ నూనెల వేసిన. ఇంతకుముందు అట్లాంటియి ఎన్ని పిల్లలకు పెట్టిన్నో తల్సుకుంటే భయమైతది.

నాకు అసలు కండ్లు తెరిపించింది మాత్రం వండినంక చూసిన లెక్కలు. మధ్యాహ్నం ఒంటిగంటకు దించిన గంజు కూర, మూత పెట్టింది పెట్టినట్టే ఉంటే సాయంత్రం ఆరింటికి నడిమిట్ల ఇంకా 48 ఉన్నది. చెయ్యి పెడితే వెచ్చగ, మంచిగనే ఉన్నదనిపిస్తది, గని 5 నుంచి 60 మధ్యల క్రిములు మస్తు పెరుగుతయ్. వండినంక రెండు గంటల లోపల ఫ్రిజ్‌ల పెట్టాలంటరు, మన ఎండకాలంల అయితే గంట లోపలనే. బగారన్నం సంగతి ఇంకా ఘోరం. బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా బియ్యంతోనే వస్తది, ఉడికినా దాని గింజలసొంటివి చావయ్, అన్నం గోరువెచ్చగ గంటలకొద్ది ఉంటే అవి మళ్ళ లేచి విషం తయారు చేస్తయ్, ఆ విషం మనం ఎంత వేడి జేసినా పోదు. ఆ రోజు రాత్రి మేం పొగలు వచ్చేదాంక వేడి జేసినం, అయినా అట్లైంది. డాక్టర్ అన్నం గురించే ఎందుకు అడిగిన్రో నాకు అప్పుడు సమజైంది.

ఇప్పుడు కూర మిగిల్తే వెడల్పు బేసిన్లల్ల పల్చగ పోసి, కింద చల్లనీళ్ల టబ్బు పెట్టి గంటెతో కలుపుత, వేడి దిగంగనే చిన్న డబ్బాలల్ల సర్ది ఫ్రిజ్‌ల పెడుత. అన్నం తాంబాళంల పరుస్త. మా అత్తమ్మ మొదట్ల "మేం ఫ్రిజ్‌లు లేకుండనే బతకలేదా బిడ్డా" అన్నది. నిజమే అత్తమ్మా, అప్పుడు పూటకు పూట వండుకున్నరు, పదిహేను కిలోల అన్నం ఒక్కసారి వండి మూతపెట్టలేదు కదా అన్న.

ఫ్రిజ్ కూడా చూడుండ్రి. లోపల గ్లాసుల నీళ్లు పెట్టి తెల్లారి పుల్ల ముంచితే నాది 9 చూపిచ్చింది. ఇన్నేండ్లు అది చల్లగనే ఉన్నదనుకున్న. లోపల కిక్కిరిసి ఉన్నయన్నీ తీసి నాబ్ తిప్పితే 4కు వచ్చింది. నాకైతే పైసలు వసూలైంది ఇక్కడనే.

ఇది చెయ్యలేని పనులు కూడా ఉన్నయ్. పచ్చిగుడ్డు మయోనైజ్‌ను అసలు పొయ్యిమీదనే పెట్టరు, దాంట్ల ఏం చూస్తం? 2024 అక్టోబర్ 30న మన రాష్ట్రంల దాన్ని ఏడాది పాటు బంద్ పెట్టింది ఊకనే కాదు. ఇంకోటి, పచ్చి చికెన్‌ల పెట్టిన పుల్లనే కడగకుండ ఉడికినదాంట్ల పెడితే రోగం మనమే అంటించినట్టు, సబ్బుతోని కడిగి తుడవాలె.

తక్కువలు కూడా చెప్త. నంబర్ నిలబడేసరికి పది సెకండ్లు అయితది, ఆవిరికి చెయ్యి కాల్తది. డిస్‌ప్లేల లైట్ లేదు, కరెంటు పోతే కనబడదు. పైభాగం ప్లాస్టిక్, కడాయి అంచుకు ఆనిచ్చి వదిలేస్తే కరుగుతది, నాదాని మూల కొంచెం అట్లనే పోయింది. నీళ్లల్ల మొత్తం ముంచొద్దు. గుండీ బ్యాటరీ నాలుగో నెలల అయిపోయింది, కొనేటప్పుడే ఇంకో జత తెచ్చిపెట్టుకోండ్రి, చిన్నపిల్లలకు అందకుండ దాచుండ్రి, మింగితే చాలా ప్రమాదం. ఐదుల నాలుగు స్టార్లు ఇస్తున్న.