వలెన్సియా జల న్యాయస్థానం: టిక్కెట్టు లేని గురువారపు విచారణ

స్పెయిన్‌లోని వలెన్సియాకు వెళ్లే తెలుగువారు, ముఖ్యంగా చెరువు కింద సేద్యం ఎరిగిన కుటుంబాల వారు, సాగునీటి తగవులు తీర్చే అక్కడి జల న్యాయస్థానాన్ని తప్పక చూడాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి అపొస్తలుల ద్వారం ముందు, నల్లని రైతు అంగీలు తొడుక్కున్న కాలువల ప్రతినిధులు కొలువుదీరుతారు. తూరియా నది నీటిని పంచే ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని బంట్రోతు అడుగుతాడు. మేము వెళ్లిన రోజున ఎవరూ ముందుకు రాలేదు. చాలా గురువారాలు ఇంతే. కొద్ది నిమిషాలలోనే సభ ముగిసేసరికి, తమాషా ఆశించి వచ్చిన పర్యాటకులు ఉసూరుమన్నారు.

తగవులు ఇంత అరుదు కావడానికి కారణం పొలాల్లోనే ఉంది. నీటి వంతు, కాలువ తలనుంచి చివరివరకు వరుసగా నడుస్తుంది. వంతు వచ్చిన రైతు పైరుకు కావలసినంత పెట్టుకోవచ్చు గాని వృథా చేయకూడదు, ఆ వేళకు సిద్ధంగా లేకపోతే వంతు పోయినట్టే. నియమం మీరినవారి విచారణ వలెన్సియా భాషలో, నోటిమాటగానే సాగుతుంది. నిందితుని కాలువ ప్రతినిధి తీర్పులో పాలుపంచుకోడు, అప్పీలూ లేదు. తీర్పరులు తోటి రైతులు ఎన్నుకున్న సేద్యగాళ్లే. జరిమానా కంటే, చర్చి ముందు నలుగురిలో పేరు పిలిపించుకోవలసి రావడమే రైతులను ఎక్కువగా అదుపులో ఉంచుతుందని నా అభిప్రాయం.

ఇక్కడ నీరు భూమితోపాటే ఉంటుంది, విడిగా అమ్ముడుపోదు. అదే తీరంలోని అలికాంతెలో మాత్రం నీటి హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకునే ఆచారం పాతుకుంది. మన చెరువుల కింద వంతు చూసి తూము తెరిచే నీరడి చాలా ఊళ్లలో భూమిలేని దళితుడు. తనకంటూ పొలం లేదు కనుక పక్షపాతం చూపడని నమ్మకం, పంటలో మేర, అంటే కొంత వాటా, అతని జీతం. వలెన్సియా వారు నమ్మకాన్ని సొంత పొలం ఉన్నవాడిమీదే ఉంచారు. నీరడి నేర్పును మెచ్చుకుంటూనే, తగవు తీర్చే కుర్చీ అతనికి ఎన్నడూ దక్కలేదని కూడా (మనం సులువుగా మరిచే సంగతి ఇది) గుర్తుచేసుకోవాలి.

ముర్సియాలోని ఇటువంటి సభతో కలిపి దీనికి 2009లో యునెస్కో గుర్తింపు దక్కింది. చూడటానికి రుసుము లేదు. భాష రాకపోతే ముందుగా చదువుకుని వెళ్లడం మేలు. వెనుక నిలబడితే తలలు తప్ప ఏమీ కనిపించవు. 1957 వరదల తరువాత నదిని నగరం దక్షిణానికి మళ్లించి పాత గర్భాన్ని ఉద్యానవనంగా మార్చారు కనుక, పారే కాలువలను చూడాలంటే అక్కడినుంచి ఉత్తరాన ఉన్న అల్బొరాయా పొలాలకు వెళ్లండి.