కొండపల్లి వాలు స్థలానికి టోటల్ స్టేషన్ సర్వే చేయించాం, ఎలా చేశారంటే

విజయవాడ గవర్నరుపేటలో ప్రైవేటుగా సర్వే చేసే ఒక ఆఫీసు వాళ్లని, కొండపల్లి దగ్గర మా బాబాయి కొనబోతున్న స్థలాన్ని టోటల్ స్టేషన్‌తో, అంటే కోణాలూ దూరాలూ కొలిచే మిషన్‌తో, కొలవడానికి పిలిపించాం. పని చాలా బాగా చేశారు, కొలిచిన ప్రతిదానికీ లెక్క చూపించారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

స్థలం కొండ వాలులో ఉంది. మధ్యవర్తి నేల వెంట టేపు పరిచేసి పొడవు 62.40 మీటర్లు అన్నాడు. కానీ విస్తీర్ణానికి లెక్కలోకి వచ్చేది చదును కొలత, వాలు కొలత కాదు. సర్వేయర్ కింది మూలలో మేకుకి సరిగ్గా పైన ట్రైపాడ్ మీద మిషన్ నిలబెట్టి, మట్టం చూపే బుడగ మధ్యకి వచ్చేదాకా మరలు తిప్పి, పై మూలలో ప్రిజం పోల్‌ని (మిషన్ గురిపెట్టే గాజు ప్రిజం ఉన్న కర్ర) కూడా మిషన్ ఎత్తుకే పెట్టించి చూస్తే వాలు కోణం 12 డిగ్రీలు వచ్చింది. "సార్, టేపు కొలతని కాస్ 12తో గుణించండి" అని బాబాయి చేతే ఫోన్‌లో కొట్టించాడు. 61.04 మీటర్లే! వెడల్పు 30 మీటర్లు కాబట్టి తేడా దాదాపు 41 చదరపు మీటర్లు, అంటే ఒక సెంటు. లేని సెంటుకి డబ్బు కట్టేవాళ్లం కదా. అదే కొలతని సైన్ 12తో గుణిస్తే పై మూల 13 మీటర్ల ఎత్తులో ఉందని తేలింది, ఇల్లు కట్టుకునేవాళ్లకి ఆ అంకె చాలా ముఖ్యం.

వాగు అవతల ఉన్న హద్దు రాయికి దూరం కూడా దాటకుండానే చెప్పాడు. ఇవతలి గట్టున 40 మీటర్ల గీత, ఒక కొసన లంబకోణం, రెండో కొస నుంచి రాయికి 56 డిగ్రీలు. 40ని టాన్ 56తో గుణిస్తే లంబకోణం ఉన్న కొస నుంచి రాయికి 59.3 మీటర్లు. మా తమ్ముడు టెన్త్, త్రికోణమితి పాఠం ఇంత ఇష్టంగా వాడు వినడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక్కటే లోపం, మొదట ఇచ్చిన రిపోర్టులో మిషన్ ఎత్తు రాయలేదు. అడిగితే వెంటనే చేర్చి ఇచ్చారు గానీ, అది లేకపోతే చెట్టు, టవర్ లాంటి వాటి ఎత్తులు ఎవరూ సరిచూసుకోలేరు, మీరూ తప్పకుండా అడగండి.

రేటు తక్కువేం కాదు, ముందే మాట్లాడుకోండి. హద్దు తగాదా ఉంటే మాత్రం ఈ ప్లాన్ ఒక్కటే సరిపోదు, మండల సర్వేయర్‌కి అర్జీ పెట్టాల్సిందే. ఎండాకాలంలో అయితే పొద్దున్నే రమ్మనండి, మధ్యాహ్నం వేడికి గాలి అల్లాడి ప్రిజం సరిగా కనపడదు.