జడ్చర్ల దారిలో ఒక ప్లాట్ల వెంచర్: రోడ్లు కనబడతాయి, లెక్కలు కనబడవు

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే దారికి కొంత లోపలగా వేసిన ఒక వెంచర్‌లో మా కుటుంబం 200 గజాల ప్లాటు కొన్నది. ఈ ప్రాంతంలో కొనాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. వెంచర్ పేరు మాత్రం రాయడం లేదు. ఇందులో నేను ఎత్తి చూపే లోపం దీనికొక్కదానికే ఉన్నది కాదు. మేము చూసి వచ్చిన మిగతా వెంచర్లలోనూ ఇదే పద్ధతి నడుస్తున్నది.

లేఅవుట్‌కు డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు రెండూ ఉన్నాయి. సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన నాలా పత్రాన్ని అడిగిన వెంటనే చూపించారు. తారు రోడ్లు వానాకాలాన్ని తట్టుకున్నాయి, భూగర్భ డ్రైనేజీ వేశారు, పార్కుకు పటంలో ఎంత స్థలం చూపారో నేల మీదా అంతే ఉన్నది. పార్కు సంగతిని నేను తేలికగా తీసుకోను. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి 2020లో ప్రభుత్వం తెచ్చిన ఎల్ఆర్ఎస్ పథకానికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే, మన రాష్ట్రంలో ఎంతమంది అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నారో అర్థం చేసుకోవచ్చు. అటువంటి లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలని ఆ పథకంలో నిబంధన పెట్టారు. స్థలం మింగినవాడు ఒకడైతే రుసుము కట్టినవాడు మరొకడయ్యాడు. ఆ బెడద లేని లేఅవుట్ దొరకడం మంచి మాటే, దీనికి ఆ మార్కులు పూర్తిగా ఇవ్వాలి.

అసలు చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చాక మొదలైంది. బ్రోచర్‌లో లేని కార్పస్ ఫండ్, అంటే ఉమ్మడి సౌకర్యాల నిర్వహణ కోసం ఒక్కసారిగా తీసుకునే నిధి, గజానికి 200 రూపాయల చొప్పున కట్టాలన్నారు. దానిపైన, ఇల్లు కట్టినా కట్టకపోయినా ఏటా నిర్వహణ రుసుము ఉంటుందన్నారు. ఈ సొమ్ము ఏ ఖాతాలో ఉంటుంది, వడ్డీ ఎవరికి చెందుతుంది, ప్లాటుదారుల సంఘానికి ఎప్పుడు అప్పగిస్తారు అని అడిగితే, ‘అన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు నిశ్చింతగా ఉండండి’ అన్న మాట తప్ప కాగితం మీద ఏమీ రాలేదు. లేఅవుట్‌లోని రోడ్లు, పార్కు నిబంధన ప్రకారం గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా పంచాయతీకి వెళ్లాయి, ఇళ్లు కట్టినవారు పంచాయతీకి ఇంటిపన్ను కడుతున్నారు. అయినా వీధిదీపం ఆరిపోతే పంచాయతీవారు వెంచర్‌వారిని అడగమంటారు, వెంచర్‌వారు రోడ్డు పంచాయతీదే కదా అంటారు. రెండు చోట్ల డబ్బు కట్టినవాడికి ఒక్క చోట కూడా బాధ్యత పడేవారు లేకపోవడం ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద లోపం.

ఈ లోపమే ఊళ్లో జరుగుతున్న పెద్ద చర్చకూ మూలం. మహబూబ్‌నగర్ 2025 జనవరిలో నగరపాలక సంస్థ అయినప్పుడు దివిటిపల్లి, జైనల్లిపూర్ గ్రామాలు అందులో కలిశాయి. ఆనాటి నుంచి ఈ చుట్టుపక్కల గ్రామాల్లో తరువాత ఎవరి వంతు అన్న మాట నలుగుతూనే ఉన్నది. వెంచర్లలో ఇళ్లు కట్టుకున్నవారు కార్పొరేషన్‌లో కలిస్తే నీళ్లు, దీపాలు, చెత్త బండి వస్తాయని ఆశపడుతున్నారు. పాత ఊరివారు పన్ను పెరుగుతుందనీ, గ్రామాలకే పరిమితమైన ఉపాధి హామీ పని పోతుందనీ భయపడుతున్నారు. కూలి మీద బతికే ఇంటికి ఆ పని పోవడమంటే ఏమిటో తెలిసినవారెవరూ వారి అభ్యంతరాన్ని మూర్ఖపు పట్టు అనలేరు. పైగా, ‘మీ కాలనీ దీపాలకు మా ఇంటిపన్ను ఎందుకు ఖర్చు కావాలి?’ అని వారు అడిగే ప్రశ్న న్యాయమైనదని నేను నమ్ముతున్నాను. కొత్తగా పెరిగే నివాసాల ఖర్చును ఆ నివాసాలే భరించాలి. కాకపోతే ఎంత భరించాలో కొనేముందే తెలియాలి.

డల్లాస్ శివార్లలో ఇల్లు కొన్న మా మేనల్లుడితో మాట్లాడినప్పుడు ఈ సంగతి నాకు మరింత స్పష్టమైంది. టెక్సాస్‌లో నగర పరిధికి వెలుపల కొత్త కాలనీ వేస్తే, నీరు, మురుగు, వరద కాలువల కోసం మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే ప్రత్యేక పన్ను ప్రాంతాన్ని ఏర్పాటు చేసే వీలున్నది. డెవలపర్ ముందుగా పెట్టిన ఖర్చును ఆ డిస్ట్రిక్ట్ బాండ్లు అమ్మి తిరిగి చెల్లిస్తుంది, ఆ అప్పును అక్కడి ఇళ్లవారు ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు ఇంత అని ఏటా పన్నుగా తీరుస్తారు. కౌంటీ పన్ను, బడి పన్ను వేరుగా ఉండనే ఉంటాయి. అక్కడా దీనిపై గట్టి వాదాలే ఉన్నాయి: ఇంకా ఇళ్లు లేని స్థితిలో ఆ నేల మీద నివసించే కొద్దిమంది ఓటర్ల ఆమోదంతో కోట్ల డాలర్ల అప్పుకు అనుమతి వస్తుందనీ, దాన్ని తరువాత వచ్చినవారు మోయాలనీ విమర్శిస్తారు. ఆ విమర్శలో నిజం ఉన్నది. అయితే ఆ పన్ను రేటు ఎంత, ఎంత మేరకు బాండ్లకు అనుమతి ఉన్నదీ తెలిపే నోటీసును అమ్మేవారు ఒప్పందానికి ముందే కొనుగోలుదారుకు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఉంటుంది. డిస్ట్రిక్ట్‌కు అయిదుగురు డైరెక్టర్లు ఉంటారు, వారిని అక్కడివారే ఎన్నుకుంటారు. నగరం ఆ ప్రాంతాన్ని పూర్తిగా కలుపుకొని డిస్ట్రిక్ట్‌ను రద్దు చేస్తే దాని అప్పు కూడా నగరం నెత్తికే వస్తుంది. మా వెంచర్ రేపు కార్పొరేషన్‌లో కలిస్తే కార్పస్ ఫండ్ ఏమవుతుందో చెప్పే పత్రం మాకు లేదు.

ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెమ్మని నేను అనను. ఆ ఒక్క నోటీసు మాత్రం మనకూ కావాలి. మన రెరా చట్టం కూడా సంఘం బాధ్యత తీసుకునేవరకు అత్యావశ్యక సేవలను సహేతుకమైన రుసుముతో నడిపే బాధ్యతను ప్రమోటర్ (వెంచర్ వేసినవారు) మీదే పెట్టింది. కనుక రుసుము ఎంత, దేనికి అన్నది రాసివ్వమని అడగడం దబాయింపు కాదు.

నేలనూ పనినీ చూసి అయితే ఈ వెంచర్‌ను సిఫారసు చేస్తాను; డబ్బు వ్యవహారం చూసి ఇప్పటికి చేయలేను. దివిటిపల్లి, పోలేపల్లి పరిశ్రమల్లో పనిచేస్తూ త్వరలో ఇల్లు కట్టుకోదలచినవారికి స్థలం అనుకూలమే. పెట్టుబడిగా కొని ఏళ్ల తరబడి వదిలేసేవారు ఏటా పడే నిర్వహణ రుసుమును ధరలో కలిపి లెక్క వేసుకోవాలి. ఎవరైనా సరే, కార్పస్ ఫండ్ ఖాతా, సంఘానికి అప్పగించే గడువు, వీధిదీపాల బిల్లు కట్టేవారు ఎవరన్నది అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే అధికారం రెరా చట్టం ప్రకారం ప్రమోటర్‌కు లేదు. ఆ మాటలు కాగితం మీదికి వచ్చేవరకు మిగతా తొంభై శాతం మీ దగ్గరే ఉంచుకోండి.