సైకిల్ టు వర్క్‌లో రోడ్ బైక్ తీసుకుంటున్నారా? షాపుకి వోచర్ కోడ్ చెప్పే ముందు ఇది చదవండి

యూకేలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. సైకిల్ టు వర్క్ అంటే కంపెనీ ద్వారా సైకిల్ తీసుకుని, డబ్బు నెలనెలా జీతంలోంచి కట్టే స్కీము. దరఖాస్తు ఒప్పుకున్నాక వచ్చే వోచర్ కోడ్ షాపుకి చెబితే సైకిల్ ఇస్తారు. ఆఫీసు పోర్టల్‌లో "42 శాతం వరకు ఆదా" అని కనబడగానే వెయ్యి పౌండ్ల రోడ్ బైక్‌కి అప్లై చేసేసి, ఏడాది తర్వాత లెక్క చూసుకుని తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకొందరికి లెక్క కుదిరింది గానీ సైకిల్ కుదరలేదు. వెనక్కి ఇద్దామంటే షాపువాడు "మీకు అమ్మలేదు కదా" అంటాడు. ఆ మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఈ స్కీములో మీరు సైకిల్ కొనడం లేదు, అద్దెకు తీసుకుంటున్నారు. కొన్నది మీ కంపెనీ, లేదా స్కీము నడిపే సంస్థ.

ముందు డబ్బు సంగతి. అద్దె మీ జీతంలోంచి పన్ను కట్టకముందే పోతుంది. బేసిక్ రేటులో ఉన్నవాళ్లకి 20 శాతం పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి ప్రభుత్వ సాయాల కోసం జీతంలోంచి కోసే చందా) మిగులుతాయి, అంటే 28 శాతం. ఆ 42 అనేది 40 శాతం శ్లాబులో ఉన్నవాళ్ల మాట, వాళ్లకి నేషనల్ ఇన్సూరెన్స్ 2 శాతమే. స్కాట్లాండ్‌లో పన్ను శ్లాబులే వేరు. బేసిక్ రేటులో వెయ్యి పౌండ్ల సైకిల్‌కి పేస్లిప్‌లో నెలకి 83.33 కట్ అవుతుంది, చేతికొచ్చే జీతం మాత్రం 60 తగ్గుతుంది. పన్నెండు నెలలకి 720. ఇంతవరకు బాగానే ఉంది.

పదమూడో నెలలో మెయిల్ వస్తుంది: సైకిల్ ఉంచుకుంటారా, ఇచ్చేస్తారా? పన్ను శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ ఒక విలువల పట్టిక పెట్టింది. దాని ప్రకారం 500 పౌండ్లు, అంతకు పైన ఖరీదున్న సైకిల్‌కి ఏడాది తర్వాత విలువ 25 శాతం. ఆ లెక్కన 250 కట్టి సొంతం చేసుకుంటే మొత్తం 970 అయింది. ఇంత కాగితం పనికీ మిగిలింది ముప్పై పౌండ్లు! దీన్ని తప్పించుకునే దారి అద్దె పొడిగింపు. 7 శాతం, అంటే 70 పౌండ్లు డిపాజిట్ కట్టి, ఇంకో మూడేళ్లు నెలవారీ అద్దె లేకుండా వాడుకుంటారు. నాలుగేళ్లు నిండేసరికి పట్టికలో విలువ ఆ 7 శాతానికే దిగుతుంది, డిపాజిట్ అక్కడికి సరిపోతుంది. మొత్తం 790. 500 లోపు సైకిల్‌కయితే ఏడాదికి 18, నాలుగేళ్లకి 3 శాతం. కొన్ని స్కీములు నామమాత్రపు ఫీజుతో వదిలేస్తాయి. మీది ఏ రకమో సంతకానికి ముందే అడగండి. "చివర్లో చూద్దాం లెండి" అనే హెచ్ఆర్ మాట మీద ఆగొద్దు. పొడిగించిన ఆ మూడేళ్లూ సైకిల్ మీది కాదు. అనుమతి లేకుండా అమ్మడానికీ లేదు, సామానుతో పాటు ఇండియాకి పంపడానికీ లేదు.

ఇప్పుడు అదే సైకిల్ ఇంకో షాపులో 20 శాతం తగ్గింపులో 800కి దొరుకుతోందనుకోండి. మొదటి రోజు నుంచే మీది, క్రెడిట్ కార్డుతో కొంటే సెక్షన్ 75 రక్షణ (షాపుతో పాటు కార్డు కంపెనీ కూడా జవాబుదారీ) కూడా. పది పౌండ్ల తేడా కోసం నాలుగేళ్ల ఒప్పందం అవసరమా అన్నది మీ ఇష్టం. తగ్గింపు ధరకి వోచర్ తీసుకునే షాపులు లేకపోలేదు. కానీ స్కీము సంస్థ షాపు దగ్గర కమిషన్ తీసుకుంటుంది కాబట్టి చాలామంది షాపువాళ్లు సేల్ సైకిళ్లకి ఒప్పుకోరు, లేదా పైన కొంత వేస్తారు. కోట్ అడిగినప్పుడు "సైకిల్ టు వర్క్ ధర, మామూలు ధర రెండూ చెప్పండి" అని ఒకే మెయిల్‌లో అడిగితే బండారం బయటపడుతుంది. అన్నట్టు, వెయ్యి పౌండ్లే పరిమితి అని ఇంకా చెప్పేవాళ్లున్నారు. 2019లో ప్రభుత్వ మార్గదర్శకాలు మారాయి. స్కీము సంస్థకి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ అనుమతి ఉంటే అంతకంటే ఎక్కువా ఇవ్వొచ్చు, ఎంతవరకు అన్నది మీ కంపెనీ ఇష్టం.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే కొంచెం ఆగండి. నాలుగో నెలలో మానేస్తే మిగిలిన ఎనిమిది వాయిదాలు, దాదాపు 667 పౌండ్లు, ఆఖరి జీతంలో పన్ను పోయిన తర్వాతి డబ్బులోంచి ఒకేసారి కోస్తారు. అప్పటిదాకా మీకు ఆదా అయింది 93 పౌండ్లు. కంపెనీయే తీసేసినా చాలా ఒప్పందాల్లో ఇదే నిబంధన. కోత తర్వాత జీతం కనీస వేతనం కంటే దిగకూడదు కాబట్టి, కేర్ హోముల్లో, స్టోర్లలో గంటల లెక్కన చేసేవాళ్ల దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉన్నవాళ్లకి పెన్షన్‌కి లెక్కకట్టే జీతం కూడా తగ్గుతుంది. కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద, వీసాకి కావాల్సిన కనీస జీతానికి దగ్గర్లో ఉన్నవాళ్లు మాత్రం హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి జవాబొచ్చాకే ముందుకెళ్లండి. ఈ స్కీములో కాంట్రాక్టులోని జీతమే తగ్గుతుంది, పేస్లిప్‌లో ఒక కోత లైను చేర్చి ఊరుకోరు.

షాపు గొడవకొద్దాం. సొంత డబ్బుతో కొన్నవాళ్లకి, లోపమున్న వస్తువుని 30 రోజుల్లో తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి అడిగే హక్కు 2015 వినియోగదారుల చట్టం ఇచ్చింది. ఇక్కడ ఇన్‌వాయిస్ మీద మీ పేరు ఉండదు. అందుకే షాపు స్కీము వాళ్లని అడగమంటుంది, స్కీము వాళ్లు షాపుని అడగమంటారు. ఈ లోపల జీతం కోత మాత్రం ఆగదు. సైజు తప్పినా, రంగు వేరే వచ్చినా ఇదే తంతు. అందుకని, కోడ్ ఇచ్చేశాక పట్టు జారిపోయిందనే అనుకోండి. సైకిల్ కళ్లారా చూశాకే కోడ్ చెప్పండి. ఆన్‌లైన్‌లో పెట్టెలో తెప్పించుకుంటే ఆ అవకాశం ఉండదు. దగ్గర్లో షాపు ఉండగా ఆ పని చేయొద్దన్నదే మా మాట. ఎంత పెద్ద షాపయినా శాశ్వతం కాదు కూడా. ఆన్‌లైన్ సైకిల్ షాపు విగిల్ చెయిన్ రియాక్షన్ అంతటిది 2023 అక్టోబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా ప్రక్రియలోకి, వెళ్లింది.

సరే, ఏ సైకిల్? తక్కువ ధర రోడ్ బైకుల్లో ముందు చూడాల్సింది వెనక చక్రం, ఫ్రేము మీద పేరు తర్వాత. గేర్లు చేసే షిమానో కంపెనీ రకాలు కింది నుంచి చూస్తే, వెనక టోర్నీ 7, క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10 గేర్లు. క్లారిస్ నుంచి మొదలుపెట్టండి. 7 గేర్ల వాటికి తరచుగా మన ఊళ్లో బిగించే రకం మర ఫ్రీవీలే ఉంటుంది. అందులో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉండి, ఇరుసు చివర ఆసరా లేకుండా వేలాడుతుంది. బరువైన మనిషి, వెనక బ్యాగులో ల్యాప్‌టాప్, రోడ్డు మీద గుంటలు: ఇరుసు వంగడానికి ఇంతకంటే ఏం కావాలి? పళ్ల చక్రాలు మీదికి జారించి బిగించే క్యాసెట్ హబ్‌లో బేరింగ్ చివరి దాకా ఉంటుంది. తేడా కనిపెట్టడం తేలిక. పళ్ల చక్రాల్ని వెనక్కి తిప్పి, వాటి మధ్యలో పనిముట్టు పట్టే గాడులు చూడండి. పళ్లతో పాటు అవీ తిరిగితే క్యాసెట్, అవి కదలకుండా ఉంటే ఫ్రీవీలు. షెఫీల్డ్, బ్రిస్టల్ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లయితే పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34, వెనక పెద్ద పళ్ల చక్రానికి 32 పళ్లు ఉండేలా చూసుకోండి.

డిస్క్ బ్రేకు అనగానే మురిసిపోకండి. చవక సైకిళ్లలో వచ్చే కేబుల్ డిస్కుల్లో చాలావాటికి ఒక ప్యాడే కదులుతుంది. అది డిస్కుని వంచి, కదలని రెండో ప్యాడుకి నొక్కుతుంది. కదలని ప్యాడ్ అరిగేకొద్దీ దాని మరని కొంచెం కొంచెం లోపలికి తిప్పాలి. ఇది తెలియక కేబుల్ ఒక్కటే బిగిస్తూ పోతే కొన్నాళ్లకి లివర్ హ్యాండిల్‌కి ఆనుతుంది గానీ బండి ఆగదు. ఇలాంటి డిస్కు కంటే మంచి రిమ్ బ్రేకు నయం. ఇక ఇక్కడి వానలకి మడ్‌గార్డు లేకుండా ఆఫీసుకి వెళ్తే వీపు మీద బురద గీత ఖాయం. ఫ్రేముకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకీ మడ్‌గార్డు బోల్టుల రంధ్రాలున్నాయా, మడ్‌గార్డుతో కలిపి 28 మిల్లీమీటర్ల టైరు పడుతుందా అని అడగండి. కాగితం మీద రాసే టైరు కొలత సాధారణంగా మడ్‌గార్డు లేకుండా చెప్పేది. మడ్‌గార్డులు, తాళం, లైట్లు, హెల్మెట్ కూడా ఇదే కోట్‌లో రాయించుకోండి, వాటి మీదా పన్ను మిగులుతుంది. వోచర్లో మిగిలిన డబ్బు చేతికి రాకపోవచ్చు, కాబట్టి కోట్ పెన్నీతో సహా సరిపోవాలి.

తీసుకునే రోజు కౌంటర్ దగ్గరికెళ్లకుండా ముందు సీటు మీద కూర్చుని కిందికి చూడండి. ముందు డిస్కు మీ ఎడమ చేతి వైపు ఉండాలి, ప్యాడ్లుండే కాలిపర్ ఫోర్కు వెనక ఉండాలి. డిస్కు కుడివైపు కనిపిస్తే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది, హ్యాండిల్ అలాగే బిగించేశారు. పెట్టెలోంచి తీసి హడావిడిగా బిగించే చోట ఇది జరిగే పొరపాటే. రిమ్ బ్రేకయితే అది ఫోర్కుకి ముందుండాలి. తర్వాత ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ కింద బేరింగులుండే హెడ్‌సెట్ దగ్గర టక్కుమనకూడదు. ఎడమ పెడల్ మర ఎదురు మర, వంకరగా ఎక్కిస్తే పెడల్ తగిలించే మెత్తని అల్యూమినియం క్రాంకులో గాడులు చెడి క్రాంకే మార్చాలి. పెడల్ తిరిగేటప్పుడు ఊగుతుంటే తీసుకోవద్దు. అడుగున, క్రాంకుల దగ్గర ఉన్న ఫ్రేము నంబరు ఇన్‌వాయిస్‌తో సరిచూసి ఫోటో తీసుకోండి, దొంగతనం జరిగితే పోలీసులు చూసే బైక్‌రిజిస్టర్‌లో ఎక్కించండి.

సైకిల్ పోయినా అద్దె ఆగదు. ఇంటి ఇన్సూరెన్సులో సైకిల్ పేరు రాయించి, ఇంటి బయట తాళం వేసి ఉన్నప్పుడు పోతే ఇస్తారో లేదో అడగండి. తాళాల్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ ముద్ర ఫలానా స్థాయిది ఉన్న తాళమే వాడాలనే షరతు పెట్టేవాళ్లున్నారు. దాని రసీదు కూడా దాచాలి.

ఆరు వారాల తర్వాత కేబుళ్లు సర్దుకుని గేర్లు తప్పుతాయి, చక్రాల చువ్వలు కొంచెం వదులవుతాయి. ఆ మొదటి సర్వీసు ఉచితమా కాదా అన్నది కోట్ మీదే రాయించుకోండి. స్కీము పోర్టల్‌లో ఆఫీసు మెయిల్‌తో పాటు సొంత మెయిల్ కూడా ఇచ్చి, అద్దె ఒప్పందం పీడీఎఫ్ దింపి పెట్టుకోండి. ఉద్యోగం మానేసిన రోజే ఆఫీసు లాగిన్ పోతుంది, చివరి ఫీజు గురించిన మెయిల్ ఆ ఇన్‌బాక్స్‌కే వస్తుంది.